302లో డబుల్ బెడ్ రూం

ఆ ఆదివారం పొద్దున సిద్దయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. పాత డబుల్ బెడ్డునూ, మూలన పడి ఉన్న రూం కూలర్‌నూ ఎవరికైనా అమ్మేయాలి. భార్య దుర్గాబాయి సాయంత్రం కీసర నుంచి తిరిగొచ్చేలోగా ఆ జాగాలో కొత్త బల్లమంచం వేయించాలి. మెత్తటి పరుపు వల్లే ఆమెకు నడుము పట్టేస్తోందని మేడ్చల్ డాక్టరు నెల కిందటే చెప్పాడు. దుర్గాబాయి ప్రతి ఆదివారం కీసరలో ఉన్న చెల్లెలు లక్ష్మమ్మ ఇంటికి వెళ్తుంది కాబట్టి, ఆమెకు తెలియకుండా ఈ పని ముగించడానికి అంతకన్నా మంచి ముహూర్తం లేదు.

శామీర్‌పేట చెరువుకు ఎదురుగా ఉన్న అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తులో ఉంటుంది వాళ్ల ఇల్లు. రెండు పడకగదులు, ఒక హాలు, వంటిల్లు, చెరువు వైపు బాల్కనీ. సిద్దయ్య ముప్పై రెండేళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కండక్టరు ప్రతి మనిషినీ ఎక్కడికని అడగవచ్చు గానీ, ఎందుకని అడగడానికి వీల్లేదు. కరీంనగర్ రోడ్డు మీద అన్నేళ్లు అడగకుండా మింగేసిన ఎందుకులన్నీ రిటైరయ్యాక ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చాయి. ఇప్పుడు బాల్కనీలో కుర్చీ వేసుకుని, చెరువు కట్ట మీద ఆగిన ప్రతి బండీ ఎందుకాగిందో తేల్చుకుంటే తప్ప అతనికి చాయ్ రుచించదు.

పాత క్యాలెండరు కాగితం వెనక స్కెచ్ పెన్నుతో పెద్దపెద్ద అక్షరాలు రాశాడు. మొదటి వరుసలో ‘302లో డబుల్ బెడ్ రూం’ వరకే పట్టింది. ‘కూలర్ అమ్మబడును’ అన్నది రెండో వరుసలోకి పోయింది. బెడ్డుకూ రూముకూ మధ్య కామా పెట్టాలన్న ఆలోచన అతనికి రాలేదు. కింద ఫోన్ నంబరు వేసి, గేటు దగ్గరి నోటీసు బోర్డుకు అంటించి పైకొచ్చాడు. కాసేపటికి యోగా క్లాసుల వాళ్లెవరో వచ్చి, బోర్డు మీద ఖాళీ ఉన్న చోటా లేని చోటా తమ చీటీలు అంటించుకుంటూ పోయారు. అందులో ఒకటి సరిగ్గా ‘కూలర్’ మీద పడింది.

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది.

“నమస్తే అంకుల్. నా పేరు ప్రణయ్. గేటు కాడ బోర్డు చూసినం. డబుల్ బెడ్ రూం అమ్ముతున్నరట కదా, ఇంకా ఉన్నదా?”

“ఉన్నది, ఉన్నది. రెండూ ఉన్నయి. రెండు గల్సి దీస్కుంటరా, ఒక్కటే గావాల్నా?”

“ఒక్కటే ఎట్ల ఇస్తరు అంకుల్? రెండూ కావాలె. ఎన్నేండ్లయింది?”

“పదకొండేండ్లు. అయినా ఎక్కడ కిర్రుమనది లేదు. మస్తు గట్టిది.”

“గాలి మంచిగొస్తదా?”

“గాలికేం తక్కువ బిడ్డా! నీళ్లు వోసుకుంటే సల్లగొస్తది.”

“నీళ్లు మనమే పోసుకోవాల్నా?” ప్రణయ్ గొంతులో అనుమానం. “ట్యాంకర్ తెప్పించుకోవాలెనా?”

“ట్యాంకరెందుకయ్యా? పొద్దుగాల ఒక బకెట్, మాపటీలి ఒక బకెట్. ఇగ జూస్కో.”

రెండు బకెట్లతో రోజు గడిచే ఇల్లు అతనెక్కడా చూసి ఉండడు. అయినా మర్యాద తప్పలేదు. “మరి ఎందుకమ్ముతున్నరు అంకుల్?”

“మా ఇంటామెకు నడుము నొస్తాంది. దాంతోనే అని డాక్టర్ జెప్పిండు.”

“దాంతోనేనా?”

“దాంతోనే. అండ్ల పండుకుంటే నడుము వోతాందట.”

ప్రణయ్ పక్కకు తిరిగి ఆ మాట ఎవరికో చెప్పాడు. వెనక ఎవరో ఆడమనిషి “చూస్తే పోయేదేముంది?” అనడం వినిపించింది. పది గంటలకు వస్తామని చెప్పి ప్రణయ్ ఫోన్ పెట్టేశాడు.

పది గంటలకు ఇద్దరూ వచ్చారు. ప్రణయ్ కండ్లకోయ దగ్గర ఒక కాలేజీలో సివిల్ ఇంజనీరింగ్ చెబుతాడు. అతని భార్య శ్రీజకు లా యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం. సిద్దయ్య వాళ్లను నేరుగా పడకగదిలోకి తీసుకుపోయి, మంచం మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి చూపించాడు. వాళ్లు మంచం వైపు చూడనేలేదు. ప్రణయ్ తలెత్తి స్లాబు మూలలు చూశాడు. శ్రీజ గోడ మీద వేళ్లతో కొట్టి, చెవి ఆనించి విన్నది. మంచం కొనేవాళ్లకు గోడతో ఏం పని అని సిద్దయ్య వింతపడి చూస్తుండగానే ఆమె అడిగింది. “అంకుల్, రెండో బెడ్‌రూం ఇంతే ఉంటదా, చిన్నగుంటదా?”

అప్పుడు అర్థమైంది సిద్దయ్యకు. ‘నేనమ్మేది మంచం తల్లీ’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ సరిగ్గా ఆ క్షణంలోనే శ్రీజ బాల్కనీ తలుపు తీసింది. ఎండలో తళతళలాడుతున్న చెరువును చూసి “అబ్బా!” అన్నది.

పదకొండేళ్లలో ఆ ఇంటిని చూసి ఎవరూ అబ్బా అనలేదు. సిద్దయ్య నోట్లోని మాట నోట్లోనే ఆగిపోయింది. బాల్కనీకే అబ్బా అంటే ఇక హాలును చూసి ఏమంటారో? తన ఇంటిని గురించి తనకు తెలియని సంగతులు ఇంకెన్ని చెబుతారో? ఒక్క ఐదు నిమిషాలు చూడనిచ్చి, తర్వాత అసలు సంగతి చెప్పేద్దామనుకున్నాడు. అలా చూస్తే పాపమేం కాదు కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

“రాండ్రి బిడ్డా, హాలు జూతురు గని” అన్నాడు.

హాలు బాగుందన్నారు. వెలుతురు బాగుందన్నారు. పొద్దుటెండ ఎక్కడిదాకా వస్తుందని అడిగితే, ఎన్నడూ గమనించకపోయినా టీవీ దాకా వస్తుందని సిద్దయ్య ధీమాగా చెప్పాడు. వంటింటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కొంచెం తడబడ్డాడు. శ్రీజ అక్కడి కిటికీ తీసి చూసింది. ఎదురుగా పక్క బ్లాకు గోడ తప్ప ఏమీ లేదు.

“ఇక్కణ్నుంచి చెరువు కనపడదా అంకుల్?”

“ఏమో బిడ్డా. నేనెన్నడు గాడ నిలవడలే.”

ఆమె అటక తలుపు తెరిచింది. లోపల పాత గాజు సీసాలు బారులు తీరి ఉన్నాయి. ప్రతిదాని మీదా దుర్గాబాయి చేతిరాత: బీర, సొర, చిక్కుడు, గోరుచిక్కుడు, బంతి. పక్కనే సంవత్సరం. అన్నీ విత్తనాలు. పదకొండేళ్ల విత్తనాలు.

“మట్టే లేని ఇంట్ల గిన్ని విత్తనాలెందుకు అంకుల్?”

చెరువు కట్ట మీద ఆగిన బండ్ల సంగతులన్నీ చెప్పగలిగిన మనిషికి తన నెత్తి మీది అటకలో ఏముందో తెలియదు. “ఎందుకో మరి. ఆమెనే అడగాలె” అన్నాడు.

ఇంతలో పక్కింటి రుక్కమ్మ వచ్చింది. తోడుపెట్టడానికి ఇంత మజ్జిగ అడిగి తీసుకుపోదామని గిన్నెతో వచ్చిన మనిషి, గుమ్మంలోనే ఆగి, శ్రీజ అడుగులు కొలుస్తూ హాలు దాటడం చూసింది.

“అన్నా, ఇల్లమ్ముతున్నవా?”

ఎదురుగా ప్రణయ్, శ్రీజ. అమ్మడం లేదంటే ఇంతసేపూ ఎందుకు చూపించావని వాళ్లడుగుతారు. అమ్ముతున్నానంటే రుక్కమ్మ ఊరుకోదు. సిద్దయ్య తలను అవునన్నట్టూ కాదన్నట్టూ కాకుండా గుండ్రంగా తిప్పాడు.

“వదినెకు ఎరికేనా?” అన్నది రుక్కమ్మ. ఆ ప్రశ్నకు తల ఎటు తిప్పాలో అతనికి తోచలేదు. మజ్జిగ సంగతి మరిచిపోయి ఆమె వెనక్కి తిరిగింది.

రుక్కమ్మ ముందు దుర్గాబాయికి ఫోన్ చేసింది. తర్వాత మెట్ల మీద కనబడ్డవాళ్లకు చెప్పింది. చెరువు ఎదుట ఇల్లు ఉత్తపుణ్యానికి ఎవరూ అమ్ముకోరు కదా, అసలు కారణమేమిటని అడిగినవాళ్లకు, గుమ్మంలో నిలబడ్డప్పుడు ప్రణయ్ శ్రీజతో అంటుంటే విన్న ముక్క కూడా జతచేసింది. ఆ ఇంట్లో పడుకుంటే నడుము పోతుందని డాక్టరే చెప్పాడట. ఆ మాట చెబుతూ చెబుతూ తన నడుము మీద చెయ్యి వేసుకుంది. “నాగ్గూడ ఆర్నెల్ల సంది నొస్తాంది. మా గోడా వాళ్ల గోడా ఒక్కటేనాయె.”

పదిన్నర దాటేసరికి మధుసూదన్ వచ్చాడు. అతని తాత ముత్తాతలు ఈ చుట్టుపక్కల పొలాలకు ఆసాములు. అతను ఆ పొలాల్లో ప్లాట్లు వేసి అమ్ముతాడు. అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడు కూడా. శామీర్‌పేటలో గజం జాగా చేతులు మారినా తనకు తెలియాలన్నది అతని పంతం. ఇప్పుడు తన సొంత అపార్ట్‌మెంటులోనే తనకు తెలియకుండా బేరం సాగుతోంది.

“ఏంది సిద్దయ్యన్నా, నాకు ఒక్కమాట జెప్పవా? నేను సచ్చిన్నా?”

“గట్ల గాదు పటేలా...”

“మరెట్ల? ఎందుకమ్ముతున్నవ్? నడుము నొప్పికి ఇల్లమ్ముతరా ఎవరన్న? అసలు సంగతి వేరే ఉన్నది. నేను తెలుసుకుంట.”

అతని వెనకే మెట్లెక్కి వచ్చిన మరో ఆరేడుగురు కూడా తెలుసుకోవడానికే వచ్చారు. హాలు నిండిపోయింది. సిద్దయ్య అందరికీ చాయ్ పెట్టాడు. చాయ్ తాగుతూ ఒకాయన, వానకాలంలో చెరువు పొంగితే పునాదిలోకి నీళ్లు దిగుతాయేమో అన్నాడు. ఏమో అన్న మాట రెండో మనిషి నోట్లో జారిపోయింది. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి నీళ్లు దిగిపోయాయి.

మధుసూదన్ చాయ్ కప్పు కింద పెట్టి, వంటింట్లోకి వెళ్లి ఒక నిమ్మకాయ తెచ్చాడు. “ఇల్లు సక్కగున్నదా లేదా ఇప్పుడే ఎరికైతది” అంటూ హాలు మధ్యలో ఉంచాడు. నిమ్మకాయ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత నెమ్మదిగా కదిలి, జనం కాళ్ల మధ్య నుంచి దొర్లుకుంటూ, గడప దాటి, బాల్కనీ చివర చెరువు వైపు గోడకు తగిలి ఆగింది.

అందరూ బాల్కనీ గడప దగ్గరికి తోసుకొచ్చి నిమ్మకాయను చూశారు.

“బిల్డింగు చెరువు దిక్కు ఒరుగుతాంది” అన్నాడు మధుసూదన్ మెల్లగా.

“అది అందరిండ్లల్ల ఉంటది సార్!” ప్రణయ్ ముందుకొచ్చాడు. “కడిగిన నీళ్లు బాల్కనీ తూముకు పోవాలని ఫ్లోరింగ్‌కు కొంచెం వాలు ఇస్తరు. నేను ఇదే సబ్జెక్టు చెప్తా.”

అతని మాట విన్నది శ్రీజ ఒక్కతే. మిగిలినవాళ్లు అప్పటికే మెట్లు దిగుతున్నారు. ఐదు నిమిషాల్లో అన్ని ఇళ్లలో నిమ్మకాయలు దొర్లాయి. నిమ్మకాయలు లేనివాళ్లు ఉల్లిగడ్డలు దొర్లించారు. అన్నీ చెరువు వైపే పోయాయి, ఒక్క ఉల్లిగడ్డ తప్ప. అది చెరువుకు ఎదురు దిక్కుగా పోయేసరికి ఆ ఇంటివాళ్లు మిగతా అందరికన్నా ఎక్కువ భయపడ్డారు. బిల్డింగు ఒరిగితే తలుపులు బిగుసుకుపోతాయి, తీసి ఉంచమని ఎవరో అరిచారు. ఇంకెవరో గోడవారగా పిల్లర్ పగిలిందన్నారు. తీరా చూస్తే అది సాలెగూడు. రుక్కమ్మ తులసి కుండీ చంకలో పెట్టుకుని కిందికి దిగింది. పదకొండు గంటలకల్లా అపార్ట్‌మెంటు మొత్తం గేటు ముందు రోడ్డు మీద నిలబడి, తలలు పక్కకు వంచి, బిల్డింగు ఎంత ఒరిగిందో చూస్తోంది. అందరూ తలలు వంచి చూస్తున్నారు కాబట్టి అందరికీ అది ఒరిగినట్టే కనబడుతోంది.

సిద్దయ్య కూడా వాళ్ల మధ్యే నిలబడ్డాడు. గంట కిందట ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు. తాను ఐదు నిమిషాల ముచ్చట కోసం నోరు మూసుకున్నాడు. ఇప్పుడు నలభై ఇళ్లవాళ్లు నడిరోడ్డు మీద ఉన్నారు. వాళ్లలో సగం మంది తమ ఇళ్లు కూడా అమ్మిపెట్టమని మధుసూదన్‌ను చుట్టుముట్టారు. పక్కన శ్రీజ ఇంకా మూడో అంతస్తు బాల్కనీనే చూస్తోంది. ఆ చూపు చూశాక అతనికి మరీ సిగ్గేసింది.

“అయ్యా, జెర ఇనుండ్రి” అన్నాడు గొంతు పెంచి. బస్సులో లోపలికి జరగమని అరిచిన గొంతు కనుక అందరికీ వినబడింది. “నేను ఇల్లమ్మట్లే. మంచం అమ్ముతున్న.”

నోటీసు బోర్డు దగ్గరికి నడిచి, గోటితో యోగా చీటీని ఊడదీశాడు. దాని కింద నుంచి ‘కూలర్’ బయటపడింది. జనం దగ్గరికొచ్చి ఒకరి తర్వాత ఒకరు ఆ కాగితాన్ని చదువుకున్నారు. మధుసూదన్ రెండుసార్లు చదివాడు.

“మరి గీ పిల్లలకు ఇల్లంత ఎందుకు సూపిచ్చినవ్?”

“ఊకెనే పటేలా. ఏమంటరో ఇందామని.”

ఆ తర్వాత సిద్దయ్యకు పడిన మాటలను ఇక్కడ రాయడం బాగుండదు. శ్రీజ మాత్రం కళ్లు దించుకుని, “ఎనిమిది నెలల్నుంచి తిరుగుతున్నం అంకుల్. ఇదే మా ఇల్లు అనిపించింది” అన్నది. జనం తిట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. దుర్గాబాయి దిగింది. ఒక చేతిలో వంకాయల సంచి, రెండో చెయ్యి నడుము మీద. రుక్కమ్మ ఎదురువెళ్లి ఇల్లమ్మడం దగ్గర మొదలుపెట్టి నిమ్మకాయ మీదుగా మంచం దాకా మొత్తం చెప్పింది. దుర్గాబాయి మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఇక ఈ రోజు తనకు తిండి లేదని సిద్దయ్య అనుకున్నాడు.

ఆమె నేరుగా శ్రీజ దగ్గరికి వెళ్లింది. “బిడ్డా, ఇల్లు నీకు నిజంగనే నచ్చిందా?”

“మస్తు నచ్చింది ఆంటీ.”

“వంటింట్ల నిలవడి సూసినవా?”

“చూసిన. గోడ కనపడుతది. నాకు పర్వాలేదు, మా ఇంట్ల వంట ఈయనదే.”

దుర్గాబాయి ప్రణయ్‌ను ఎగాదిగా చూసి, “అయితే పైకి రాండ్రి, మాట్లాడుకుందాం” అన్నది.

ఇల్లు దుర్గాబాయి పేరు మీదే ఉంది. కీసరలో ఆమె నాయిన పంచి ఇచ్చిన అరెకరం ప్లాట్లలో కలిసిపోతే, ఆ డబ్బుతోనే ఈ ఇల్లు కొన్నారు. చెరువు ఎదుట ఇల్లు కావాలన్నది సిద్దయ్య కోరిక. రిజిస్ట్రేషన్ రోజున సంతకాలు పెడుతూ ఆమె ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కనుక ఆమెకూ ఇష్టమేననుకున్నాడు.

“దుర్గా, ఏం జేస్తున్నవ్?” హాల్లో అతను ఆమె చెవి దగ్గర గొణిగాడు. “నేను ఉత్తగ సూపిచ్చిన. అమ్మేదానికి గాదు.”

“నాకెరికే.” దుర్గాబాయి గొంతు తగ్గించలేదు. “లక్ష్మమ్మ పక్కపొంటి ఇల్లు ఏడాది సంది ఖాళీగున్నది. ముంగట ఇంత జాగ, బోరు, రెండు మెట్లెక్కితే ఇల్లు. ఆదివారం ఆదివారం నేను వోయేది చెల్లెను సూసుడానికే గాదు. గా ఇల్లు అమ్ముడువోయిందో లేదో సూసి వస్తున్న.”

సిద్దయ్య గోడకు ఆనుకున్నాడు. “మరి ఒక్కపారన్న జెప్పకపోతివి?”

“నీకు చెరువంటే పానం. కుర్సీలకెల్లి లేవవు. ఎట్ల జెప్పాలె?” ఆమె వంకాయల సంచి కింద పెట్టింది. “కట్ట మీద ఆగిన బండోళ్లందర్ని ఎందుకు ఎందుకు అని అడుగుతవు గదా. గన్ని విత్తనాలు ఎందుకు దాస్తున్నవే అని నన్నెన్నడన్న అడిగినవా?”

అడగలేదు. అటక తలుపు తీసి ఉంది. సీసాలు కనిపిస్తూనే ఉన్నాయి. సిద్దయ్య వాటినీ, ఆమె నడుము మీద ఉన్న చేతినీ చూశాడు. ఇన్నేళ్లు తాను చెరువు చూస్తుంటే ఆమె గోడ చూస్తూ వంట చేసిందని అప్పుడు లెక్కకొచ్చింది. బాల్కనీలోకి వెళ్లి కాసేపు నిలబడ్డాడు. కట్ట మీద ఏదో బండి ఆగింది. ఎందుకాగిందో తెలుసుకోవాలని అనిపించలేదు.

లోపలికి వచ్చి, “గా ఇంటికాడ కూసునేతందుకు అరుగున్నదా?” అని అడిగాడు.

“ఉన్నది. రోడ్డు దిక్కే ఉన్నది. కీసరగుట్టకు వోయేటోళ్లందరు ముంగటికెల్లే వోతరు.”

సిద్దయ్య ఆలోచించాడు. గుట్టకు పోయేవాళ్లు రోజుకు ఎందరుంటారో, ఒక్కొక్కరు ఏం మొక్కుకుని పోతారో! అతని ముఖంలోకి నెమ్మదిగా వెలుగు వచ్చింది. అది చూసి దుర్గాబాయి శ్రీజకు మంచినీళ్లిచ్చింది.

బేరం మధుసూదనే కుదిర్చాడు. తనకు తెలియకుండా మొదలైన బేరం తన చేతుల మీదుగా ముగియడంతో అతని పరువు దక్కింది. బిల్డింగు ఒరగలేదని ప్రణయ్ ఇల్లిల్లూ తిరిగి నీటిమట్టం గొట్టంతో కొలిచి చూపించాక, అమ్ముతామన్నవాళ్లంతా మాట వెనక్కి తీసుకున్నారు. మంచం మూడంతస్తులు దింపడం ఎందుకని దాన్ని కొత్తవాళ్లకే వదిలేశారు. కూలరును రుక్కమ్మ పట్టుకుపోయింది.

నెల తిరిగేలోగా అందరూ రిజిస్ట్రేషన్ ఆఫీసులో కూర్చున్నారు. అమ్మేవారు దుర్గాబాయి, కొనేవారు శ్రీజ. ఇద్దరూ నవ్వుకుంటూ సంతకాలు పెట్టారు. గుమస్తా కాగితాలు తిరగేసి సాక్షి ఎవరని అడిగితే, సిద్దయ్య లేచి వెళ్లి పెన్ను అందుకున్నాడు.

ఆ అమ్మకంలో అతను చేసిందల్లా చూడటమే కనుక, ఆ సంతకం చట్టప్రకారం కూడా సరిగ్గానే ఉంది.